పదకొండేళ్ల ఉత్తరాలు

మా డెల్మోంట్ వీధిని శిథిల ప్రాంతంగా ప్రకటించడానికి నగరసభ సమావేశమైంది. వీధివాళ్లమంతా వెళ్లి కూర్చున్నాం. ప్రకటిస్తే వాళ్లు మా ఇళ్లు తీసుకుని కూలగొట్టవచ్చు.

పక్కింటి క్లైడ్ నన్ను మోచేత్తో పొడిచాడు. "లే, ఒడెస్సా అక్కా! పదకొండేళ్లుగా వీళ్లకి ఉత్తరాలు రాసింది నువ్వేగా!"

లేచాను. "దీపాలడిగాను, మురుగుకాలవ అడిగాను. ఒక్కటైనా వేశారా? మీరేమీ చెయ్యకుండా, మా వీధి పాడైందంటారా?"

మా చర్చివాళ్లంతా "ఆమెన్!" అని అరిచారు.

నగరసభ అధికారి మా వీధి మీద రాసిన నివేదిక తెరిచి మర్యాదగా అన్నాడు. "నిజమేనమ్మా. ఇక్కడ దీపాల్లేవు, కాలవల్లేవు అనడానికి మాకు దొరికిన రుజువులు మీ ఉత్తరాలే. అన్నీ ఇందులో జతచేశాం. తేదీలతో సహా ఎంత చక్కగా రాశారో!"

ఇంకా ఏదో అనబోయాను. క్లైడ్ నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"కూర్చో అక్కా. నువ్వు మాట్లాడేది కూడా రాసుకుంటున్నారు."