కింది వరస దేశం

“మేం మీతో ఇడిపోతన్నాం,” అన్నాడు మునియ్య, బావి గట్టు మీద నిలబడి.

సముద్రాల అవతల లబాసా చెరకు తోటలో గిర్మిట్ కూలీల గదులు రెండు వరసలు. గిర్మిట్ అంటే ఏళ్ల తరబడి కూలి ఒప్పందం; అది తీరేదాకా ఇండియా మొహం చూడనివ్వరు. పై వరస వాళ్లది కాశీ వైపు, కింది వరస వాళ్లది విశాఖపట్నం వైపు. మధ్యలో బావి ఒక్కటే. పై వరస తోడుకున్నాకే కింది వరస చేద వెయ్యాలని పంచాయతీ తీర్మానం. అప్పటికి బావిలో మిగిలేది బురద. ఆ నీళ్లు తాగి మునియ్య కూతురు మంచం పట్టింది.

పంచాయతీకి పెద్ద, పై వరసలో ఉండే సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, శివ ప్రసాద్. తెలుగువాళ్ల చేత పని చేయించడానికి ఎంత కావాలో అంత తెలుగు నేర్చాడు.

“అరే మునియ్యా, అందరూ చేతులెత్తి చేసిన తీర్మానం. మీ చేతులు తక్కువ.”

“ఎప్పుడెత్తినా తక్కువే గదా సర్దారూ! అందుకే ఎల్లిపోతన్నాం. బావిలో సగం మాది.”

“విడిపోవచ్చని కానూన్‌లో ఉందా?”

“కలిసుండాలని ఉందా?”

శివ ప్రసాద్ ఆలోచించాడు. ఉన్నట్టు గుర్తు రాలేదు.

“ఇంకో దేశం ఒప్పుకోవాలి. అప్పుడే దేశం.”

“ఏటవతల ఈ దీవివాళ్ల ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. మత్తెక్కే యంగోనా వేరు నీళ్లలో కలిపి ఇచ్చాం. తాగి చప్పట్లు కొట్టాడు.”

“ఆయన ఎవరిచ్చినా తాగుతాడు!”

“మరి మీరెప్పుడైనా ఇచ్చారేటి?”

శివ ప్రసాద్‌కి ఒళ్లు మండింది. తిన్నగా తోటను నడిపే తెల్లదొర దగ్గరికి పోయాడు. సాయంత్రం రెండు వరసల వాళ్లనీ పోగేసి, దొర మాటను పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

“వినండి! వేరే దేశం వాళ్లకి ఈ తోటలో గిర్మిట్ లేదు, గది లేదు. రేపు పొద్దున కింది వరసలో ఎవడు కనబడితే వాణ్ణి ఇండియా ఓడ ఎక్కించేస్తాడు సాహెబ్.”

 మునియ్య భార్య అంకమ్మ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది. పై వరస వాళ్లు గబగబా గదుల్లోకి వెళ్లిపోయారు.

సర్దారుకి జాలేసింది. “ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం? పొద్దున్నే పైకొచ్చి మాఫీ అడగండి. నేను చెప్తాలే సాహెబ్‌కి.”

తెల్లవారగానే మాఫీలు వినడానికి గది ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే పై వరసలో ఒక్క పొయ్యీ వెలగలేదు. అందరూ మూటాముల్లెలతో కింది వరసలో ఉన్నారు. పై వరస రాందాస్ అయితే మునియ్య చెయ్యి పట్టుకుని, ఓడ ఎన్నింటికని అడుగుతున్నాడు. ఎవరు వచ్చినా మునియ్య కాదనడం లేదు. బావి దగ్గర ఎవరికి వాళ్లు తోడుకుంటున్నారు, తగాదా లేదు.

“గద్దార్లు! ఉప్పు తిన్న చోటే ద్రోహమా!” అని శివ ప్రసాద్ గొంతు చించుకున్నాడు. ఒక్కరూ తలెత్తలేదు. విసవిసా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

కాసేపటికి నెత్తిన పెట్టెతో కిందికి దిగొచ్చి, “మునియ్యా భాయీ, మీ దేశంలో ఇంకొకడికి చోటుందా?” అన్నాడు.