లీదియా మేడం పేజీలో ఒక్క వాక్యం

మూడోసారి కూడా ఆ వాక్యం మాయమైంది!

లీదియాకు ఒళ్లు మండిపోయింది. చెరిపింది ఎవడో ‘చదువరి’ అన్న పేరువాడట!

హైటెక్ సిటీ చుట్టుపక్కల లైబ్రేరియన్లంతా కలిసి నడుపుకునే వికీ అది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. కానీ ‘పిల్లలతో చదివించడం ఎలా?’ అన్న పేజీ మాత్రం మియాపూర్ బడి లైబ్రేరియన్ లీదియాకు సొంత బిడ్డ. ఇవాళ లైబ్రేరియన్ల సభ ఒప్పుకుంటే, కొత్తగా తెరిచే ప్రతి లైబ్రరీ దాన్నే పాటిస్తుంది.

‘మా బడిలో ఐదేళ్లూ పుస్తకం ముట్టనివాడు ఒకడుండేవాడు, అలాంటివాళ్ల మీద టైము దండగ.’

ఆ వాక్యం మళ్లీ పెట్టి, చదువరిని బ్లాక్ చేసి పడేసింది.

సభకు ముందు ఓ యువకుడు ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

“మీరు బ్లాక్ చేసింది నన్నే మేడం. ఆ ఒక్క ముక్క తీసెయ్యుండ్రి. మిగతా పేజీ బంగారం.”

“బాగుందండీ వరస! ఎందుకు తీయాలి?”

“కొత్తోళ్లు అది చదివి, అసొంటి పిల్లల్ని నిజంగనే ఇడిచిపెడ్తరు.”

“వదలక? శనివారం శనివారం కథ చదివి వినిపించేదాన్ని. ఆ మొద్దు నాకు వీపు పెట్టి కూర్చునేవాడు!”

“వీపు పెట్టినా చెవులు పనిచేస్తయ్ కద మేడం.”

“ఆ పిల్లాణ్ణి చూసింది మీరా, నేనా?”

లీదియా మేడం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అతను నవ్వేశాడు. “మీరే చూసిన్రు మేడం. పిల్లలు ఎదురుచూస్తుంటరు, నేనొస్త.”

సభ ఆ పేజీని ఒప్పుకుంది. చప్పట్లు మోగాయి. లీదియా కాళ్లు నేల మీద నిలవలేదు.

వికీ బాధ్యతలు చూసే ప్రశాంత్ పక్కన కూర్చున్నాడు. “ఓదెలు పోయిండా మేడం? మీ పేజీని సభకు పెట్టాలని మొదలు అడిగిందే ఆయన.”

“ఏ ఓదెలు?”

“గిప్పుడే మీతోని మాట్లాడిండు కద! కోకాపేటల టవర్లు కట్టే కూలీల పిల్లలకు లైబ్రరీ నడుపుతుండు. అచ్చం మీ లెక్కనే కథలు చదివి వినిపిస్తడు. మీ బడిలనే చదివిండట?”

తనకు వీపు పెట్టి కూర్చున్న ఆ ఓదెలే! లీదియా బస్టాపు దాకా పరుగెత్తింది. అతను లేడు.

ఎంత మాట అన్నాను నా ఓదెలుని! కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. ఏడుపులోనూ ఆమె మొహం వెలిగిపోతోంది.

అందరూ చూస్తుండగానే ఆ వాక్యాన్ని తనే దిద్దింది:

‘మా బడిలో ఐదేళ్లూ పుస్తకం ముట్టనివాడు ఒకడుండేవాడు, ఇవాళ కోకాపేట లైబ్రేరియన్ ఆయనే.’