డ్రైవర్ లేని చిప్పు

ఇరవై లాప్‌టాప్‌లు వెలిగాయి. ఒక్కదానికీ వైఫై రాలేదు.

చిట్యాల దగ్గరి తండాలో చదువుకునే అమ్మాయిల కోసం ఎవరో దాతలు పంపిన పాత లాప్‌టాప్‌లవి. వాటిలోని సిస్టమ్‌కు ఎప్పుడో కాలం చెల్లింది. అందుకని చదువుల హాలు నడిపే సక్రు అన్నింటిలో ఎవరైనా ఉచితంగా వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అంతా బాగానే ఉంది. వైఫై చిప్పు మాత్రం ఉలకదు, పలకదు. దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఈ సాఫ్ట్‌వేర్‌కు లేదు. చిప్పు చేసిన కంపెనీ ఆ కిటుకు ఎవరికీ చెప్పదు.

సక్రు ఒకదాని అడుగు మూత విప్పాడు. చిప్పు మీది నంబరు చూసి, మూత బిగించడం మరిచి అట్లాగే కూర్చుండిపోయాడు.

వచ్చే సోమవారం పదకొండింటికి అందరికీ ఒకేసారి ఆన్‌లైన్ పరీక్ష. గట్టెక్కితే జనగామలో నర్సింగ్ కోచింగ్, హాస్టలు. ఇరవై మందీ పత్తి ఏరి వచ్చి ఆరు నెలలు చదివారు.

హాలు పేరు మీద సక్రు కంపెనీకి మూడు ఈమెయిళ్లు రాశాడు. కనీసం చిప్పు వివరాలు బయటపెడితే లోకంలో ఎవరో ఒకరు డ్రైవర్ రాసుకుంటారని బతిమాలాడు. మూడింటికీ ఒకటే జవాబు: వ్యాపార రహస్యం.

"కంపెనోళ్లు ఇయ్యకుంటే ఏందన్నా, గా డ్రైవరేదో నువ్వే రాయరాదే?" అంది పరీక్ష రాయాల్సిన పూజ.

"రాయరాదు పూజా."

అన్నకు రాని విద్య కూడా ఉందా అన్నట్టు చూసిందా పిల్ల.

సాయంత్రం ఆమె తండ్రి హరిలాల్ వచ్చాడు. కోపంగా కాదు, అలసటగా అడిగాడు. "పట్నంల ఆరేండ్లు కొలువు చేసి నువ్వు నేర్చుకున్నదేంది సక్రూ?"

సక్రు విప్పిన మూత అందుకుని బిగించసాగాడు.

పరీక్ష ఫోన్లో తెరుచుకోదు, కాని ఫోన్లు వైఫై పట్టి వైరుతో లాప్‌టాప్‌కు అందిస్తాయని తేలింది. తండా అంతా గాలిస్తే అందుకు పనికొచ్చేవి నాలుగే దొరికాయి. చీట్లు వేశారు. పూజ పేరు రాలేదు.

సోమవారం నలుగురు రాశారు. పదహారు మంది గోడవార కూర్చుని గడియారం చూశారు. పరీక్ష ముగిశాక పూజ తన లాప్‌టాప్‌ను చప్పుడు కాకుండా మూసి, సక్రు ముందు పెట్టి వెళ్లిపోయింది. అతను దాని మీద చెయ్యి కూడా వేయలేకపోయాడు.

ఆ చిప్పుకు మొదటి డ్రైవర్‌ను పట్నంలో కూర్చుని అక్షరం అక్షరం రాసింది సక్రే. అందులో ఒక్క ముక్క బయటపెట్టనని, బతికినన్నాళ్లూ అలాంటిది మళ్లీ రాయనని కంపెనీకి సంతకం చేసి ఇచ్చిందీ అతనే.