వ్యాన్‌లో సీటు

“మా తలకాయల్లోకి ఒక్కసారైనా చూశారా? చూడకుండానే ఈ నరాల జబ్బు ఇండియన్లకి రాదంటారా? నెలకో వ్యాన్, నాలుగు సీట్లు! దాంతో నోరు మూసుకోమంటారా?”

ఇండియన్ల పేట ఫీనిక్స్ అవతల, ఆస్పత్రి వరండాలో ఒకాయన సూపరింటెండెంట్ తలుపు మీద అరచేత్తో బాదుతున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. కాళ్లు తడబడుతున్నాయి.

అది తెల్లవాళ్ల పాలన పోయి, నల్లవాళ్లతో సహా అందరికీ ఓటొచ్చే ముందు సంవత్సరం. తెల్లవాళ్ల ఆస్పత్రి గేటుకున్న బోర్డు పీకేశారు. తల లోపల ఫోటో తీసే మిషన్ మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. ఇక్కణ్ణించి నెలకి నలుగురినే వ్యాన్‌లో దాని దగ్గరికి పంపుతారు.

బెంచీ మీద కోగీ, కూతురు లెషన్యాని భుజానికి ఆనించుకుని కూర్చుంది. పిల్లకి ఓ కన్ను మసక. కాళ్లలో పట్టు లేదు. కొన్నాళ్లకి అంతా సర్దుకుంటుంది, మళ్లీ మొదలు. పరీక్షల భయమని డాక్టర్లు తిప్పి పంపుతున్నారు. ఇవాళైనా వ్యాన్‌లో చోటు దొరక్కపోతుందా అని వచ్చింది.

తలుపు తెరుచుకోలేదు. ఆయన వెనక్కి తిరిగాడు, తూలాడు, వచ్చి లెషన్యా కాళ్ల మీద పడ్డాడు.

“నీ తాగుడు తగలెయ్య! సోమవారం పొద్దున్నే మొదలెట్టావా? హంబా, పో!”

“తాగలేదమ్మా...”

“నా మొగుడి జీతాల శుక్రవారం నడక ఏళ్లతరబడి చూస్తున్నా. నాకా చెప్తావు? ఓ సెక్యూరిటీ!”

గార్డులు రెక్కలు పట్టుకుని గేటు బయట వదిలారు.

వ్యాన్ వచ్చింది. ముగ్గురే ఎక్కారు.

“ఒకాయన లేడు. ఖాళీగా ఎందుకు పోవాలి? ఆ పిల్లని ఎక్కించండి” అన్నాడు డ్రైవర్.

కోగీ గంగమ్మకి దండం పెట్టుకుంది.

ఫోటోలో తెల్లమచ్చలు కనబడ్డాయి. మల్టిపుల్ స్క్లిరోసిస్, ఇండియన్లకి రాదన్న ఆ నరాల జబ్బే. వచ్చిపోయే రకం. జబ్బుకి పేరు దొరికింది, మందు పడింది. చలికాలం వచ్చేసరికి లెషన్యా స్కూల్‌కి నడిచి వెళ్తోంది.

కోగీ డబ్బా నిండా జంతికలు చేసుకుని, రక్తం తీసే సిస్టర్ డోరీన్ దగ్గరికెళ్లింది.

“ఆవేళ రానివాడెవడో గానీ, వాడి పుణ్యమే సిస్టర్.”

డోరీన్ డబ్బా అందుకోలేదు.

“రాలేదా? నువ్వేగా అక్కా గెంటించావు.”

“ఎవరు, ఆ తాగుబోతా?”

“నీ పిల్ల ఎట్లా నడిచేది? అదే నడక. సామ్ నాయుడు ఆయన పేరు. అన్నకి ఉన్నది వచ్చిపోయే రకం కాదు, ముదురుతూ పోయే రకం. రెండు రకాలవాళ్ల తల ఫోటోలూ, ఈ జబ్బు తెప్పిస్తుందేమోనని అనుమానమున్న వైరస్ మీద రక్తంలో పుట్టిన యాంటీబాడీలూ పక్కపక్కన పెట్టి చూద్దామని డాక్టర్లు మొదలెట్టారు. అన్న రక్తం ఫ్రిజ్‌లో ఉంది. పక్కన పెట్టడానికి ఫోటో లేదు. గొడవ చేశాడని మళ్లీ సీటివ్వలేదు.”

“ఇప్పుడు తీస్తే?”

“ఛాతీలో నిమ్ము చేరి పోయినవారమే పోయాడు.”

కోగీ డబ్బా వెనక్కి తీసుకుంది.

“సీటు ఇవ్వరేమోననే కదా ఆవేళ అట్లా అరిచాడు?”

“ఆవేళ ఆయన సీటు ఆయనకుంది అక్కా. అరిచింది బెంచీ మీదున్న మీకోసం.”

కోగీ వరండాలోకి వచ్చింది. బెంచీ ఇవాళా నిండే ఉంది. డబ్బా వాళ్ల మధ్య పెట్టి, సూపరింటెండెంట్ తలుపు మీద అరచేత్తో బాదింది.

“సామ్ నాయుడు అడిగిన మిషన్ ఇక్కడికి తెండి! అందాకా ఈ బెంచీ మీదున్న ప్రతి ఒక్కరినీ ఎక్కించుకోందే వ్యాన్ కదలడానికి వీల్లేదు!”