ఆపవలసిన పేర్లు

"నెట్ కంపెనీవాళ్లిచ్చిన రౌటర్ ఉండగా మళ్లీ కంప్యూటరెందుకండీ?" అని అడిగాడు పాత కంప్యూటర్లమ్మే షాపతను.

లిఫ్ట్ మెకానిక్ కాస్త నసిగాడు. దాంట్లో పది సైట్లకి మించి ఆపడం కుదరట్లేదన్నాడు. తనకి వందల్లో ఆపాలి. రోజూ కొత్తవి చేర్చుకునే వీలూ ఉండాలి.

"ఇంట్లో పిల్లలున్నారా?"

"లేరు. మా ఆవిడ కోసం."

షాపతను ఏదో ఆఫీసు వదిలించుకున్న చిన్న కంప్యూటరు తీసి చూపించాడు. ఈ పనికి పెద్ద ప్రాసెసర్ దండగన్నాడు. నాలుగు జీబీ మెమరీ చాలు. కేబుల్ పోర్టులు మాత్రం రెండుండాలి, ఒకటి బయటి లైనుకి, ఇంకోటి ఇంటికి. పాత రౌటర్‌ని వైఫైకి వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, రెండు రకాలున్నాయి. ఒకటి తేలిక, కానీ అన్నీ టైపు చేసుకోవాలి. రెండోది కాస్త బరువు, బటన్లు నొక్కితే చాలు. మెకానిక్ రెండోదే కావాలన్నాడు.

"సైటులో ఒక్క పేజీ వరకే ఆపలేమా?"

"రౌటర్‌తో అది కుదరదండీ. ఆపితే సైటు మొత్తం ఆగిపోద్ది."

సరేనన్నాడు. షాపతను డబ్బా సంచిలో పెట్టి ఇస్తూ ఉండబట్టలేక ఓ మాటన్నాడు. "ఏమీ అనుకోకండి. ఇలాంటివి కూర్చుని మాట్లాడుకుంటే తెములుతాయి గానీ డబ్బాలతో తెమలవు."

ఆమె కుట్టుమిషన్ ముట్టుకుని రెండు నెలలైంది. పొద్దున లేస్తే ఫోనే లోకం. పక్కన పెట్టిన టీ చల్లారి మీగడ కట్టేది. ఒకసారి అతను భుజం మీదుగా చూశాడు. ఒకటే పేరు, మగపేరు, మళ్లీమళ్లీ కొట్టి వెతుకుతోంది. ఆ రోజే ఆమె సిమ్‌కి నెట్ తీయించేశాడు. ఆదివారం డబ్బా బిగించాడు.

సాయంత్రానికి ఆమెకి పాటలు పోయాయి, కుట్టుపని వీడియోలు పోయాయి, వార్తలూ పోయాయి. కిందింటావిడ మెట్ల మీద ఎదురుపడి, ఇరవై మూడేళ్లు కాపురం చేసిన మనిషిని ఇలా కట్టిపడేయడం ఏం న్యాయమని మొహం మీదే అడిగేసింది. అతను తల వంచుకుని పైకెక్కేశాడు.

భార్య మాత్రం గొంతు పెంచలేదు.

"మీరు మర్చిపోగలరేమో. నాకు చేతకాదు" అంది. "ఎక్కడో ఒకచోట కనిపిస్తాడని వెతుక్కుంటున్నా. అది కూడా వద్దా?"

"వద్దు" అన్నాడు.

ఆమె దిండూ దుప్పటీ తీసుకుని ముందుగదిలోకి మారిపోయింది. ఆ తర్వాత అన్నం వడ్డించి, కంచం ముందుకు జరిపి వెళ్లిపోయేది.

అతను రోజూ మధ్యాహ్నం ఏదో ఒక మేడ మీద, లిఫ్ట్ మోటారు గదిలో కూర్చుని, తన ఫోన్లో ఆ పేరే తానూ వెతికేవాడు. కొత్త సైటు కనబడితే కాగితం మీద రాసుకుని, ఇంటికొచ్చి జాబితాలో చేర్చేవాడు. అలా దొరికిన రోజు అన్నం డబ్బా మూత తీయకుండానే వెనక్కి వచ్చేది.

యాక్సిడెంట్లో కొడుకు నొప్పన్నది తెలియకుండా క్షణంలో పోయాడని ఆమెకి చెప్పింది అతనే. రోడ్డు మీద నిలబడి ఎవరో తీసిన వీడియో పదకొండు నిమిషాలుంది.