ఫ్రిజ్ మీద దుప్పటి

"తలుపు తియ్యకు. మన వీధిలోకి వచ్చేశాడు" అంది పక్కింటి పిన్ని, కిటికీలోంచి తల పెట్టి.

ఇస్త్రీ అక్క చెయ్యి చొక్కా కాలర్ మీదే ఆగిపోయింది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

"ఎవరు పిన్నీ?"

"లెక్కలాయన. దారిద్ర్యరేఖ మారుస్తున్నారట. ఇంట్లో ఫ్రిజ్ కనిపిస్తే చాలు, మీరు పేదవాళ్ళు కాదు పొమ్మంటారట."

పిన్ని చెప్పే కబుర్లలో సగం గాలివార్తలే. అయినా ఇస్త్రీ అక్క పెట్టె పక్కన పెట్టేసింది.

ఆమె ఇంట్లో ఫ్రిజ్ ఉంది మరి. ఎవరో పాతబడిందని పారేయబోతే బతిమాలి తెచ్చుకున్నది. తాడు కడితే గాని తలుపు పడదు. అందులో పాలూ కూరలూ ఏమీ ఉండవు. షుగర్ జబ్బున్న కూతురి ఇన్సులిన్ సీసాలుంటాయి.

పేదవాళ్ళ కార్డు ఉంది కాబట్టి వాటిని పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తున్నారు. కార్డు పోతే కొని వాడే తాహతు ఆమెకు లేదు. మందు లేకపోతే పిల్ల దక్కదు.

గబగబా ప్లగ్గు పీకేసింది. ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, పైన ఇస్త్రీ బట్టల మూటలు పేర్చింది.

"అమ్మా, నా మందు వేడెక్కదా?" అంది కూతురు.

"నువ్వు మాట్లాడకుండా పుస్తకం పట్టుకు కూర్చో."

తలుపు చప్పుడయింది.

వచ్చినాయన వయసులో పెద్దవాడే. భుజాన సంచీ. చొక్కా నిండా ముడతలు. ఆరేసిన తీగ మీంచి లాగి తొడుక్కున్నట్టుంది. ఇస్త్రీ చేసేదాని కళ్ళు ముందు అక్కడికే పోయాయి. ఇంత పెద్ద ఉద్యోగి ఇలా నలిగిన చొక్కాతో వచ్చాడంటే మనల్ని నమ్మించడానికే అనుకుంది. భయం ఇంకాస్త పెరిగింది.

"కంగారు పడకమ్మా. పాత గీత గీసినప్పుడు తిండీ బట్టా మాత్రమే లెక్కేశారు. ఈ రోజుల్లో మనిషి బతకడానికి ఇంకా ఏమేం కావాలో కనుక్కుందామని వచ్చాను."

ఏదైనా కావాలని అంటే ఉన్నవాళ్ళ కింద జమకట్టేస్తాడని ఆమె భయం.

"మాకేమీ అక్కర్లేదండీ."

"పాలు?"

"అలవాటు లేదండీ."

"ఫ్యాను?"

"కిటికీ ఉందండీ."

ఆయన నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆయన తలెత్తి చూశాడు, చిన్నగా నవ్వాడు. ఏమీ రాసుకోలేదు.

"కాసిని మంచినీళ్ళిస్తావా తల్లీ? చల్లగా ఉంటే మరీ మంచిది."

పరీక్ష పెడుతున్నాడనుకుంది. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది.

ఆయన నింపాదిగా తాగాడు. ఇప్పట్లో లేచేలా లేడు. ఈలోగా దుప్పటి అంచు కింద నుంచి నీళ్ళు కారడం మొదలైంది. లోపల మంచు కరుగుతోంది. నీళ్ళు సన్నగా పాకుతూ ఆయన కాళ్ళ దాకా వెళ్ళాయి.

ఆయన ఆ తడి వైపు చూశాడు. కాళ్ళు పక్కకు జరుపుకున్నాడు.

"దాచుకోకుండా చెప్పమ్మా. ఫ్రిజ్ లేకపోతే గడవని ఇల్లు ఈ వీధిలో ఏదైనా ఉందా?"

కూతురు పుస్తకం మీంచి తలెత్తింది. ఏదో అనబోయింది. ఇస్త్రీ అక్క పిల్ల భుజం గట్టిగా నొక్కింది.

"ఫ్రిజ్ దేనికండీ మాలాంటి వాళ్ళకి? కుండ చాలు."

"నిజంగానా?"

"కుండ చాలు. నా బిడ్డ మీద ఒట్టండీ."

ఆయన ముఖం వాడిపోయింది. సంచీ తీసుకుని లేచాడు.

"వీధి చివర టీ కొట్టు దగ్గర సాయంత్రం దాకా కూర్చుంటాను. ఏదైనా గుర్తొస్తే రా తల్లీ."

ఆయన గడప దాటగానే ఆమె గడియ పెట్టి, ప్లగ్గు పెట్టి, సీసాలు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. ఇంకా చల్లగానే ఉన్నాయి.

"వెళ్ళి చెప్దామా అమ్మా? మంచాయనలా ఉన్నాడు."

"మంచాయనల్లా ఉండేవాళ్ళే కొంప ముంచేది."

చీకటి పడేదాకా గడియ తియ్యలేదు. ఇవ్వాల్సిన బట్టలన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి.

కొన్నాళ్ళకు ఆసుపత్రిలో మందులిచ్చే ఆయన కార్డు చూసి తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు.

"కొత్త నిబంధన వచ్చిందమ్మా. ఫ్రిజ్ ఉన్న ఇల్లు గీతకు పైన. ఇక ఊరికే ఇవ్వడం కుదరదు."

"మాకు ఫ్రిజ్ లేదండీ."

"లేకపోతే ఇన్నాళ్ళూ ఇన్సులిన్ ఎలా ఇచ్చాను? ఇంట్లో ఫ్రిజ్ ఉందని మొదటిరోజు మీరే చెప్పారుగా."

కూతురు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇది అన్యాయమని ఒక్కరూ అనలేదా బాబూ?"

"ఒకాయన అన్నాడు. గీత గీసే కమిటీలో ఆయనొక్కడే పోట్లాడాడట. మందు కోసం ఫ్రిజ్ పెట్టుకున్న ఇల్లు ఒక్కటి చూపించు, ఆ నిబంధన తీసేస్తాం అన్నారట మిగతావాళ్ళు. పాపం, ఎండలో తిరిగాడు. కుండ చాలని ఒట్టేసి మరీ పంపేశారట."



"ఎలా ఉంటాడాయన?" అంది, వినపడీ వినపడకుండా.

"ముడతల చొక్కాతో ఉంటాడు. ఇన్సులిన్ వాడే పిల్లలు ఎక్కడున్నారని ఇక్కడికొచ్చి అడిగాడు. పేర్లు బయటికి చెప్పకూడదు కదా, అందుకని మీ వీధి ఒక్కటే చెప్పి మీ కోసమే పంపానమ్మా ఆయన్ని."