ఊడని కప్లింగ్

బొమ్మ రైలు ఇరవయ్యో చుట్టు కూడా క్షేమంగా తిరిగొచ్చింది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

రైలు తెగిపోవాలని ఇంతలా కోరుకున్న మనిషి లోకంలో ఇంకొకరు ఉండరు. ఇంజను పెద్ద వంపు దగ్గరికి రాగానే ఆమె ఊపిరి బిగబట్టేది. ఊడు, ఊడు అని లోపల్లోపలే బతిమాలేది. పది వ్యాగన్లూ కొక్కెం కొక్కెం పట్టుకుని ఎత్తెక్కి, బుద్ధిగా ఆమె ముందు నుంచే వెళ్లిపోయేవి.

ఆమె మొగుడు రైల్వే యార్డులో షంటర్. వ్యాగన్ల మధ్యకి దూరి కొక్కేల కప్లింగులు తగిలించడం, అవి ఊడకుండా లాకు వెయ్యడం అతని పని. మూడు నెలల కిందట ఒక గూడ్సు వంపు ఎక్కుతూ రెండుగా తెగింది. వెనక ముక్క పల్లానికి జారి, గేటు దగ్గర ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. లాకు వెయ్యలేదు కాబట్టే ఊడిందన్నారు. అతణ్ణి జైల్లో పెట్టారు. "నేను వేశాను" అన్నది తప్ప అతని నోట ఇంకో మాట లేదు.

రేపు విచారణకి ఆఖరి రోజు. "లాకు పడిన కప్లింగ్ దానంతటది ఊడుతుందా? బొమ్మ మీదైనా సరే, ఒక్కసారి చూపించండి, నమ్ముతాను" అన్నాడు విచారణాధికారి.

అప్పుడు ఆదుకున్నది ఈ బాబాయిగారే. సొంత బాబాయి కాదు. ముప్పై ఏళ్లు యార్డులో చేసి, బళ్ల వరుస రాసిచ్చే యార్డు మాస్టరుగా కిందటి నెలే రిటైరైన పెద్దమనిషి. బొమ్మ రైళ్లంటే పిచ్చి. ఇంట్లో ఒక గది నిండా పట్టాలే. అయినవాళ్లే మొహం చాటేస్తున్న రోజుల్లో, ఎవరూ అడక్కుండానే వచ్చి "నేనున్నానమ్మా" అన్నాడు. ఆ వంపూ ఆ ఎత్తూ కొలత ప్రకారం చెక్క మీద కట్టిపెట్టాడు.

పొద్దుటి నుంచీ ఇద్దరూ దాని మీదే ఉన్నారు. ఆమెది కుట్టుపని. సన్న పనికి అలవాటు పడిన వేళ్లు. ఆయన చెప్పినట్టే ఆరు వ్యాగన్లలో సీసపు గుళ్లు పోసింది. నాలుగు ఖాళీగా ఉంచింది.

"బరువువి ఇంజను వెనకే తగిలించు. ఖాళీవి చివర."

"ఆ రోజూ ఇదే వరుసా బాబాయ్‌గారూ?"

"ఆ రోజు డ్యూటీలో ఉన్నవాణ్ణి. నాకు తెలీదా?"

మొదట ఇంజనే మొరాయించింది. పట్టాల మీద దుమ్ము. ఆయన స్పిరిట్ గుడ్డతో తుడిచి, చక్రాలు కూడా తుడిచాడు. అప్పుడు కదిలింది. నాలుగో చుట్టులో, సరిగ్గా వంపు మీద, కటుక్కుమంది. వెనక మూడు వ్యాగన్లు విడిపోయి కిందికి జారాయి.

"ఊడింది బాబాయ్‌గారూ!" ఆమె గది అదిరేలా కేకేసింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆయన నవ్వలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది చెల్లదమ్మా. ఈ కొక్కెం పక్కదానికన్నా వెంట్రుకవాసి కిందికుంది. అందుకే జారింది. ఇది బొమ్మలో లోపం. రేపు ఆఫీసరుకి ఇదే చూపిస్తే మనల్ని మెడపట్టి గెంటుతాడు."

"మరెలా?"

"సరిచేద్దాం. దొంగాట ఆడి మీ ఆయన్ని బయటికి తేలేం కదా."

ఆయన దీపం పట్టుకున్నాడు. పట్టకారుతో కొక్కేన్ని పైకి వంచింది ఆమే. పది వ్యాగన్ల కొక్కేల ఎత్తూ కొలిచి సమానం చేసింది. మళ్లీ ఊడితే ఒట్టు.

స్పీడు పెంచమంది. పెంచాడు. వంపులో ఆపి మళ్లీ లాగించమంది. లాగించాడు. రైలు రైలులాగే నడిచింది.

"పోనీ, వెనకవాటిలోనూ గుళ్లు పోసి చూద్దామా?"

"వద్దు!" అని గద్దించాడాయన. ఆమె ఉలిక్కిపడితే గొంతు తగ్గించి, "ఆ రోజు లేని బరువు ఎక్కడి నుంచి తెస్తామమ్మా" అన్నాడు.

కొక్కేలు సరిచేశాక ఇరవై చుట్లు పూర్తవగానే స్విచ్చి కట్టేశాడు. ఆమె వైపు తిరిగాడు.

"మీ ఆయన నా చేతికింద పెరిగినవాడు. బంగారంలాంటి మనిషి. కానీ బంగారానికీ ఒక్కోరోజు మతిమరుపు వస్తుందమ్మా. ఒప్పుకోమను. ఒప్పుకుంటే శిక్ష సగం తగ్గుతుంది. నేనూ పైవాళ్లకి ఒక మాట చెబుతాను."

ఆమె పట్టాల వంకే చూస్తూ కూర్చుంది. వీధి తలుపు గడియ పెట్టడం మర్చిపోయే మొగుడు గుర్తొచ్చాడు. పొయ్యి ఆర్పకుండా పడుకున్న మొగుడు గుర్తొచ్చాడు. పదకొండేళ్ల కాపురంలో మొదటిసారి అతని మాట ఆమెకి అబద్ధంలా వినిపించింది. దుఃఖం కన్నా ముందు సిగ్గేసింది.

"సాయంత్రం జైల్లో ములాఖత్ ఉంది. ఒప్పుకోమని చెబుతాను" అంది లేస్తూ. "కన్నతండ్రిలా ఇంత కష్టపడ్డారు. మీ మేలు మర్చిపోను బాబాయ్‌గారూ."

"జాగ్రత్తగా వెళ్లమ్మా."

ఆమె గేటు దాటి కనుమరుగయ్యాక, ఆయన నాలుగు ఖాళీ వ్యాగన్లనీ విప్పి, ఆ రోజు యార్డులో తను చీటీ రాసిచ్చి పంపిన వరుసలోనే వాటిని ఇంజను వెనక తగిలించి నడిపితే, వెనక బరువు గుంజుడుకి ఖాళీదాని కొక్కెం పైకి లేచి, మొదటి చుట్టులోనే వంపు మీద రైలు రెండుగా తెగింది.